బులెటిన్‌లో 20 నాట్లు, ఓడ బ్రిడ్జి (నడిపే గది) మీద 38 నాట్లు: ఉష్ణమండల సముద్రాల వాతావరణ సూచనను ఎలా చదవాలి?

కొత్తకేడెట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక బల్క్ క్యారియర్‌లో డెక్ కేడెట్‌గా పనిచేస్తున్నాను. జూలైలో పనామా కాలువ దాటి, తూర్పు పసిఫిక్‌లో 8 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా పది రోజులు పడమటి దిక్కుగా ప్రయాణించాము. ఇన్మార్‌శాట్ సి టెర్మినల్‌కు (ఉపగ్రహ సందేశాల పరికరానికి) వచ్చే హై సీస్ బులెటిన్‌ను (నడిసముద్రపు వాతావరణ సూచనను) ప్రింటు తీయడం, హెచ్చరికలున్న ప్రాంతాలను చార్టు మీద గీయడం నాకు అప్పగించిన పని. ఆ పది రోజులలో మేమున్న చోటికి ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. ప్రతి బులెటిన్ చివరా మాకు వర్తించినది ఒకటే వాక్యం: మిగిలిన ప్రాంతమంతటా గాలి 20 నాట్లు (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) లేదా అంతకన్నా తక్కువ, అలలు 2.5 మీటర్ల లోపు.

అయినా మూడు సంగతులు జరిగాయి. మొదటిది, నాలుగో రాత్రి మూడు గంటల వేళ 12 నాట్ల గాలి ఉన్నట్టుండి పడిపోయింది. అయిదు నిమిషాలు ఆకు కూడా కదలనంత నిశ్శబ్దం. ఆ తరువాత చల్లటి గాలి ఒక్కసారిగా విరుచుకుపడి, ఎనిమోమీటర్ 38 నాట్లు చూపించింది. కుంభవృష్టిలో మా సొంత ముందు మాస్ట్ కూడా కనిపించలేదు. 25 నిమిషాలలో అంతా సర్దుకుంది. రెండోది, మరో రెండు రోజులకు గాలి 5 నాట్లే ఉండి, సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉన్నప్పుడు ఓడ రోజున్నరపాటు పది డిగ్రీల వరకు అటూ ఇటూ ఒరుగుతూనే ఉంది. చార్టు మీద వెయ్యి మైళ్ల దాకా ఒక్క తుపాను గుర్తు కూడా లేదు. మూడోది కొంచెం సిగ్గుపడే విషయం. ఒక రోజు పదింటికి 1012 హెక్టాపాస్కల్స్ ఉన్న బారోమీటర్ సాయంత్రం నాలుగింటికి 1009కి దిగింది. తుపాను వస్తోందేమోనని పరుగున వెళ్లి చెబితే వాచ్‌లో ఉన్న ఆఫీసరు నవ్వి, ‘రాత్రి పదింటికి మళ్లీ చూడు’ అన్నారు. పదింటికి మళ్లీ 1012 ఉంది.

నా సందేహం ఇది. సూచన తప్పా, లేక నేను దాన్ని చదవడమే తప్పా? ఈ మూడింటికీ కారణాలు వేరువేరా?

రెండో మేట్

మీ మూడో సంగతితో మొదలుపెడతాను. అది తేలికగా తేలిపోతుంది, పైగా మీరు సిగ్గుపడవలసిన పనేమీ లేదు. ఉష్ణమండలంలో వాతావరణ పీడనానికి కూడా ఆటుపోట్లు ఉంటాయి. స్థానిక కాలమానం ప్రకారం ఉదయం పది, రాత్రి పది గంటల ప్రాంతంలో పీడనం ఎక్కువగాను, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగాను ఉంటుంది. ఈ హెచ్చుతగ్గుల మధ్య తేడా సుమారు 3 హెక్టాపాస్కల్స్. సముద్రపు పోటుకు చంద్రుడు ప్రధాన కారణమైతే, దీనికి సూర్యుడే కారణం: పై వాతావరణంలోని ఓజోన్, కింది పొరలలోని నీటి ఆవిరి సూర్యకాంతిని పీల్చుకొని వేడెక్కడం వల్ల పుట్టే తరంగం ఇది. పై అక్షాంశాలలో కూడా ఇది ఉంటుంది గాని, అక్కడ అల్పపీడనాలు వచ్చిపోయే తీరు ముందు ఈ చిన్న కదలిక కంటికి ఆనదు.

కాబట్టి ఉష్ణమండలంలో బారోమీటర్‌ను గంట క్రితం అంకెతో పోల్చకూడదు; నిన్న ఇదే గంటకు ఉన్న అంకెతోను, ఆ నెలకు ఆ చోట ఉండవలసిన సగటుతోను పోల్చాలి. నావికులు పాటించే సూత్రం ఏమిటంటే, గంటనుబట్టి సవరించిన పీడనం ఆ సగటుకన్నా 3 హెక్టాపాస్కల్స్ తక్కువైతే ఉష్ణమండల తుపాను పుట్టి ఉండవచ్చునని అనుమానించాలి. 5 తక్కువైతే అది దగ్గరలోనే ఉందన్న విషయంలో ఇక సందేహం పెట్టుకోకూడదు. రోజూ కనిపించే ఆ రెండు గుట్టల ఆకారం బారోగ్రాఫ్ కాగితం మీద చెదిరిపోవడం మరో గుర్తు.

ఈ సూత్రాన్ని సగం నేర్చుకుంటే ఏమవుతుందో నాకు అనుభవమే. మూడో మేట్‌గా (జూనియర్ ఆఫీసరుగా) చేరిన కొత్తలో ఒక సాయంత్రం నాలుగింటికి బారోమీటర్ 1005 చూపింది. అక్కడి నెల సగటు 1010. అయిదు తగ్గిందని లెక్క వేసి, పడుకున్న కెప్టెన్‌ను లేపాను. ఆయన వచ్చి, ఆ పరికరం నీటిమట్టానికి ఎంత ఎత్తున ఉందని అడిగారు. 28 మీటర్లు. సుమారు 8.5 మీటర్ల ఎత్తుకు 1 హెక్టాపాస్కల్ చొప్పున తగ్గుతుంది గనుక అక్కడే 3.3 పోయింది. సాయంత్రం నాలుగు గంటల పల్లానికి ఇంకొక 1.5. మిగిలింది 0.2. ఆయన ఏమీ అనకుండా మళ్లీ వెళ్లి పడుకున్నారు. ఆ పూటనుంచి పరికరం పక్కనే ఎత్తు సవరణ రాసిన చీటీ అంటించాను. మీ ఓడ బారోమీటర్‌కు ఆ సవరణ ముందే కలిపి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మబ్బులలెక్క

నేను ఓడ మనిషిని కాను, సముద్ర వాతావరణ సూచనలు తయారుచేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నవాడిని. మీ మొదటి సంగతి గురించి చెబుతాను.

మీరు అందుకున్న బులెటిన్ అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ తూర్పు పసిఫిక్ కోసం విడుదల చేసేది అయి ఉండాలి. అందులో 20 నాట్లు దాటే గాలి గాని, 2.5 మీటర్లకు చేరే అలలు గాని ఉన్న ప్రాంతాలను మాత్రమే విడిగా పేర్కొంటారు. మిగతాదంతా ఆ ఒక్క వాక్యంలో సర్దేస్తారు. అంటే ఆ వాక్యం మీ ఓడ ఉన్న చోటును గురించి ప్రత్యేకంగా చేసిన సూచన కాదు. లక్షల చదరపు మైళ్ల నీటి మీద ఫలానా హద్దు దాటే వ్యవస్థ ఏదీ కనబడలేదన్న మాట మాత్రమే. మీ ఫైలు మళ్లీ తీసి, కిందనున్న కన్వెక్షన్ (ఉరుము మేఘాల) భాగం చూడండి. ఇంటర్ ట్రాపికల్ కన్వర్జెన్స్ జోన్ (రెండు అర్ధగోళాల వాణిజ్య పవనాలు కలిసే పట్టీ) ఏ అక్షాంశ, రేఖాంశాల మీదుగా పోతోందో, దానికి ఎన్ని మైళ్ల దూరంలోపు ఉరుము మేఘాలు చెదురుమదురుగా ఉన్నాయో అక్కడ రాసి ఉంటుంది. జూలైలో 8 డిగ్రీల ఉత్తర అక్షాంశమంటే మీరు దాదాపు ఆ గీత వెంబడే నడిచారన్నమాట. మీ 38 నాట్లు ఆ పేరాలోనే ఉన్నాయి, అంకె రూపంలో మాత్రం లేవు.

అంకె ఎందుకు ఇవ్వలేరో చెప్పాలి. సూచనలోని గాలి వేగం సముద్రం మీద 10 మీటర్ల ఎత్తున వీచే గాలికి కొంత కాలవ్యవధిలో వచ్చే సగటు. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం 10 నిమిషాలు. తుపానుల విషయంలో అమెరికా 1 నిమిషం, భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు వాడతాయి. ఒకే గాలికి ఈ మూడు పద్ధతులలో మూడు అంకెలు వస్తాయి గనుక, రెండు దేశాల బులెటిన్లను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఇక్కడే తడబడుతుంటారు. మీ ఎనిమోమీటర్‌లో మీరు చూసినది బహుశా ఈ మూడూ కాదు, కొన్ని క్షణాల గాలి విసురు. అది కూడా మాస్ట్ మీద, 10 మీటర్లకన్నా చాలా ఎత్తున నమోదైనది.

ఇక ఈదురుగాలి పుట్టే తీరు. ఉరుము మేఘం నుంచి పడే వాన దారిలోని పొడిగాలిలోకి కొంత ఆవిరైపోతుంది. అలా చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి, సముద్ర ఉపరితలాన్ని తాకి, నేల మీద ఒలికిన నీళ్లలా నలుదిక్కులా పరుచుకుంటుంది. దాని ముందు అంచు మీ దగ్గరకు వచ్చేముందు పాత గాలి పడిపోవడం, తరువాత చల్లటి గాలి కొట్టడం, ఆ వెనుక వాన ముంచెత్తడం మీరు రాసిన వరుసలోనే జరుగుతాయి. ఒక్కొక్క మేఘ కణం పది, ఇరవై కిలోమీటర్ల వెడల్పు ఉండి గంటలో చచ్చిపోవచ్చు. ప్రపంచమంతటికీ సూచనలిచ్చే యూరోపియన్ నమూనా గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా నమూనా గడి సుమారు 13 కిలోమీటర్లు. అంత ముతక జల్లెడతో అంత చిన్న గింజను పట్టలేము. పలానా పట్టీలో ఉరుములు పుడతాయని చెప్పగలము గాని, పలానా ఓడ మీద మూడు గంటలకు పుడతాయని చెప్పలేము. తెల్లవారుజామునే రావడం మాత్రం కాకతాళీయం కాదు. నేల మీద ఉరుములు మధ్యాహ్నం దాటాక ముదిరితే, నడిసముద్రంలో రాత్రి చివరి జాము నుంచి తెల్లవారే వరకు ముదురుతాయి.

పై అక్షాంశాలలో పనిచేసి వచ్చినవారు పీడన రేఖలు దగ్గరగా ఉంటే గాలి ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ అని చార్టు చూసి ఇట్టే చెప్పేస్తారు. భూమధ్యరేఖ దగ్గర భూభ్రమణ ప్రభావం అతి స్వల్పం గనుక ఆ లెక్క చెల్లదు. అక్కడ పీడనంలో తేడాలు ఎంత చిన్నవంటే, రెండో మేట్ గారు చెప్పిన రోజువారీ ఆటుపోటే వాటిని మింగేస్తుంది. అందుకే ఉష్ణమండలానికి మేము పీడన రేఖలకు బదులు గాలి ధారలను గీస్తాము. ఆ ధారలకు ఆధారం చాలావరకు ఉపగ్రహాలలోని స్కాటరోమీటర్లు (సముద్రం మీది గాలిని రాడార్‌తో కొలిచే పరికరాలు): ఐరోపా మెటాప్ ఉపగ్రహాల యాస్కాట్, 2022 నవంబరులో ఇస్రో ప్రయోగించిన ఓషన్‌శాట్-3లోని పరికరం వంటివి. అవి ఒక చోటును రోజుకు మహా అయితే రెండుసార్లు చూస్తాయి. పైగా ఓషన్‌శాట్ వాడే కేయూ బ్యాండ్ రాడార్ తరంగాలను వాన బాగా తికమకపెడుతుంది; యాస్కాట్ వాడే సి బ్యాండ్ మీద ఆ ప్రభావం తక్కువ. ఈదురుగాలి ఉండేది వాన పక్కనే కదా, చిక్కంతా అక్కడే వస్తుంది.

కొత్తకేడెట్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫైలు తీసి చూశాను. ఆ రాత్రి బులెటిన్‌లో మేమున్న రేఖాంశం మీదుగానే, ఆ గీతకు 120 నాటికల్ మైళ్ల లోపు తీవ్రమైన ఉరుము మేఘాలున్నాయని స్పష్టంగా ఉంది. హెచ్చరికలు మాత్రమే గీసి, ఆ పేరాను నేను చార్టు మీదికి ఎక్కించనే లేదు. ఇక మిగిలింది గాలి లేకుండా ఓడ ఊగడం. మా ఓడ వెడల్పు 32 మీటర్లు, ఆ ప్రయాణంలో జీఎం (ఓడ నిలకడను చెప్పే కొలత) దాదాపు 2 మీటర్లు. కెరటాలు దక్షిణ నైరుతి నుంచి, అంటే మా ఎడమ పక్క నుంచి వచ్చాయి.

దూరపుకెరటం

మీరు వెడల్పు, జీఎం ఇచ్చి మంచి పని చేశారు, ఎందుకంటే జవాబులో సగం అందులోనే ఉంది. ఓడ సహజంగా ఊగే కాలం సుమారుగా వెడల్పును 0.8తో గుణించి, జీఎం వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. 32ను 0.8తో గుణిస్తే 25.6, దాన్ని 1.41తో భాగిస్తే 18 సెకన్లు. ఇప్పుడు మిగతా సగం చూడండి. జూలై దక్షిణార్ధ గోళానికి చలికాలం. అంటార్కిటికా చుట్టూ తిరిగే దక్షిణ మహాసముద్రంలో, 50 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర తుపాను గాలులు ఆ నెలలో దాదాపు తెరిపి లేకుండా వీస్తాయి. అక్కడ పుట్టే స్వెల్‌లో, అంటే పుట్టిన చోటు దాటి దూరం సాగే కెరటాలలో, 16 నుంచి 18 సెకన్ల కాలం (ఒక శిఖరం తరువాత ఇంకొకటి రావడానికి పట్టే సమయం) గలవి మామూలు. మీ ఓడ ఊగే కాలమూ, దూరాన్నుంచి వచ్చిన కెరటపు కాలమూ కలిసిపోయాయన్నది నా అంచనా. ఉయ్యాలను సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా చిటికెన వేలితో తోసినా పెద్దగా ఊగుతుంది చూడండి, అదే ఇక్కడ జరిగింది.

లోతైన నీటిలో స్వెల్ గుంపు నడిచే వేగం నాట్లలో కావాలంటే కెరటపు కాలాన్ని ఒకటిన్నరతో గుణించాలి. 18 సెకన్లకు 27 నాట్లు. 50 డిగ్రీల దక్షిణం నుంచి 8 డిగ్రీల ఉత్తరానికి 58 డిగ్రీలు, అంటే నేరుగా చూసినా 3,480 నాటికల్ మైళ్లు. ఐదు రోజుల పైచిలుకు ప్రయాణం. మీరు వెయ్యి మైళ్ల లోపు చూస్తే తుపాను ఎలా కనబడుతుంది? ఆ కెరటాలను పుట్టించిన గాలి మీరు ఊగేనాటికి ఆగిపోయి కూడా ఉండవచ్చు. ఇదేమీ ఊహ కాదు. 1963లో వాల్టర్ మంక్ బృందం దక్షిణ మహాసముద్రపు స్వెల్‌ను పసిఫిక్ పొడవునా వరుస కొలత కేంద్రాలతో అలాస్కా దాకా వెంబడించి చూపించింది. హిందూ మహాసముద్రంలో ఇదే దారిన వచ్చే కెరటాలు గాలీ వానా లేని రోజున కేరళ తీరం మీద పడతాయి. మలయాళ జాలరులు దాన్ని ‘కల్లకడల్’, అంటే దొంగ సముద్రం అంటారు. 2012లో యునెస్కో ఆ మాటను శాస్త్రీయ వాడుకకు స్వీకరించింది.

కంటికి ఎందుకు ఆనలేదంటారా? 18 సెకన్ల కెరటం పొడవు సుమారు 500 మీటర్లు. రెండు మీటర్ల ఎత్తు అంత దూరంలో పరుచుకుంటే బ్రిడ్జి మీద నుంచి చూసేవాడికి సముద్రం చదునుగానే కనిపిస్తుంది. బులెటిన్‌లోని 2.5 మీటర్ల లోపు అన్న మాట కూడా అబద్ధం కాలేదు. అందులో లేనిది కాలం, అంటే సెకన్లు. స్థానిక గాలికి లేచిన అలలనూ స్వెల్‌నూ కలిపి ఒకే ఎత్తుగా చెప్పినప్పుడు, 1.5 మీటర్ల గాలి అలలు, 1.5 మీటర్ల స్వెల్ కలిస్తే 3 కాదు, వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి 2.1 అవుతుంది. ఆ 2.1లో 6 సెకన్ల పొట్టి అలలు ఎన్ని, 18 సెకన్ల పొడుగు కెరటాలు ఎన్ని అన్నది ఎత్తు అంకె చెప్పదు. అందువల్ల వేవ్ చార్టులలో స్వెల్ కాలం, దిక్కు విడిగా ఇచ్చే పటం తెరిచి చూడకుండా ఎత్తు మాత్రమే చూసేవారిని నేను నమ్మను.

ఎత్తు అన్న మాటకు కూడా ఒక పట్టింపు ఉంది. సూచనలో ఇచ్చేది సిగ్నిఫికెంట్ వేవ్ హైట్, అంటే వచ్చిన అలలలో అతి పెద్దవైన మూడో వంతుకు సగటు. 10 సెకన్ల అలలైతే మూడు గంటలలో వెయ్యికి పైగా దాటుతాయి. వాటిలో ఒకటి ఈ అంకెకు దాదాపు రెట్టింపు ఉండటం వింత కాదు, లెక్క ప్రకారం రావలసిందే.

ఊగడం ఆపడానికి ఏం చేయాలంటే, కెరటం సరిగ్గా పక్క నుంచి తగులుతున్నప్పుడు వేగం మార్చి పెద్దగా లాభం లేదు, ఎందుకంటే ఓడకు తగిలే కాలం కెరటపు కాలమే అవుతుంది. దారి ఇరవై, ముప్పై డిగ్రీలు మళ్లించాలి. ఆ నిర్ణయం కేడెట్‌ది కాదు గాని, ఊగే కాలాన్ని గడియారం పెట్టి కొలిచి ఆఫీసరుకు చెప్పడం కేడెట్ చేయదగిన పనే.

తెరచాప

మబ్బులలెక్క గారు చెప్పిన కారణాలన్నీ సరైనవే. అయినా ఆయన ఆ ‘మిగిలిన ప్రాంతమంతటా’ వాక్యాన్ని కొంచెం ఎక్కువగా వెనకేసుకొచ్చారని నా అభిప్రాయం. పెద్ద ఓడకు 38 నాట్ల గాలి విసురు లాగ్‌బుక్‌లో ఒక వరుస. నేను నడిపే 12 మీటర్ల తెరచాప పడవకు అది చిరిగిన తెర. నాలాంటివారికి సగటు అంకె ధైర్యం ఇచ్చినంతగా రక్షణ ఇవ్వదు. అందుకే ఆ గీత దగ్గరున్నన్ని రాత్రులూ సూచన ఎంత చల్లగా ఉన్నా పొద్దుగూకేసరికి తెర తగ్గించేస్తాను. మీకు రెండు రాడార్లు ఉంటాయి గనుక ఒక చిట్కా: 10 సెంటీమీటర్ల ఎస్ బ్యాండ్ వానను చీల్చుకొని ఓడలను చూపుతుంది, 3 సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్‌లో వానే బాగా కనబడుతుంది. రాత్రి వాచ్‌లో ఎక్స్ బ్యాండ్‌ను 24 మైళ్ల రేంజిలో పెట్టి, రెయిన్ క్లట్టర్ (తెర మీది వాన మరకలు) తగ్గించే మీటను సున్నాకు తిప్పి చూస్తే, మీద పడబోయే మేఘం అరగంట, గంట ముందే తెలుస్తుంది. చూసిన తరువాత మీటను మళ్లీ యథాస్థానానికి తేవడం మరచిపోవద్దు.

అన్ని ఉష్ణమండల గాలులూ ఇలా దొంగచాటుగా రావన్నది కూడా చెప్పాలి. మీరు డిసెంబరులో తీరానికి దగ్గరగా వెళితే మెక్సికోలోని తెవాంతెపెక్ సింధుశాఖ ఎదురవుతుంది. ఉత్తరాన చల్లగాలి పేరుకున్నప్పుడల్లా అది చివేలా కనుమలోంచి గొట్టంలోంచి వచ్చినట్టు తోసుకొచ్చి, పైన ఎండ కాస్తుండగానే 34 నాట్లు దాటిన గాలిని వందల మైళ్లు సముద్రంలోకి పంపుతుంది. దానికి హెచ్చరిక ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది, చాలావరకు నిజమూ అవుతుంది. తుపాను ఉన్నప్పుడైతే దాని చుట్టూ 34 నాట్ల గాలి ఉండే వ్యాసార్థానికి 24 గంటల సూచనకు 100, 48 గంటలకు 200, 72 గంటలకు 300 నాటికల్ మైళ్లు కలిపి గీసి, ఆ గీత బయట ఉండాలన్న 1-2-3 సూత్రం మీకు పాఠంలో వచ్చే ఉంటుంది.

మబ్బులలెక్క

తెరచాప గారి మాట ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యం పెద్ద ఓడలను మనసులో పెట్టుకొని రాసినదే. కేడెట్ గారికి ఒక విన్నపం. మీ ఓడ స్వచ్ఛంద పరిశీలక ఓడల పథకంలో ఉంటే 00, 06, 12, 18 గంటల యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక కాలానికి) పంపే నివేదికలో స్వెల్ దిక్కు, కాలం, ఎత్తు గడులను ఖాళీగా వదలకండి. నడిసముద్రంలో స్వెల్ కాలాన్ని స్వయంగా కొలిచి చెప్పేవి కొద్దిపాటి బోయాలు (నీటి మీద తేలే కొలత పరికరాలు), మీలాంటి ఓడలే.

కొత్తకేడెట్

పథకంలో ఉన్నామట. పాత నివేదికలు తీసి చూస్తే, మేము ఊగిన రోజున గాలి 5 నాట్లు అని రాసి, స్వెల్ గడులన్నీ ఖాళీగా వదిలినవాడిని నేనే. బారోమీటర్ కూడా చూశాను. నీటిమట్టానికి 24 మీటర్ల ఎత్తున ఉంది, సవరణ ముందే కలిపి ఉంది. ఈ రోజు మధ్యాహ్నం బ్రిడ్జి మీద పది ఊపులను స్టాప్‌వాచ్‌తో కొలిచాను: 184 సెకన్లు.